కూలి బాకీకి బాధ్యులెవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున నేరేడ్‌మెట్‌లో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యమును గూర్చియో, పురాణమును గూర్చియో ప్రసంగింపక కూలి డబ్బును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. తెలంగాణమునందలి గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగినవారికి ఇందులో వింత యేమియు కనబడదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము ఒక చేత గ్రంథాలయములను నెలకొల్పుచు, మరియొక చేత వెట్టిచాకిరిని మాన్పుటకు పాటుపడెను. ఆ పెద్దలు అక్షరమును, కష్టజీవి కూలిని వేరువేరు విషయములుగా చూడలేదు. లెక్క తెలియనివాని చేత ఊరక పనిచేయించుకొనుట సులభమని వారు గ్రామగ్రామమున కన్నులార చూచియుండిరి. వెట్టి పేరు నేడు వినబడదు. చేసిన పనికి కూలి ముట్టక ఉత్తచేతులతో ఇంటికి మరలుట మాత్రము నేటికిని వినబడుచునే యున్నది.

నేరేడ్‌మెట్ ఒకప్పుడు సికింద్రాబాదు వెలుపలి పల్లె. తరువాత మల్కాజిగిరి పురపాలక సంఘములో చేరి, 2007లో ఆ సంఘముతోపాటు బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసెను. సైన్యమున కొలువు చేసి విశ్రమించినవారు, ప్రభుత్వోద్యోగులు, చిన్న వ్యాపారులు ఈ చుట్టుపట్ల స్థలములు కొని ఇండ్లు కట్టుకొనిరి. సఫిల్‌గూడ, రామకృష్ణాపురము, వాయుపురి, సైనిక్‌పురి దాక నేడు ఇండ్లకు ఇండ్లు తాకుచున్నవి. పెంకుటిండ్లున్న చోట్ల అంతస్తులు లేచినవి. ఈ గోడలను లేపినవారిలో పాలమూరు, నల్లగొండ, శ్రీకాకుళము జిల్లాల వారు కలరు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహారు, బెంగాలు రాష్ట్రముల వారును కలరు. గృహప్రవేశమునాడు వారిలో ఒక్కరును కనబడరు. వారికి రావలసిన కూలి అంతయు ముట్టినదా లేదా యని ఆనాడు అడుగువారును అరుదు.

ముందుగా ఈ పని నడచు తీరును చూడవలెను. స్థలము గలవాడు ఒక బిల్డరుతో ఒప్పందము చేసికొనును. బిల్డరు కట్టడపు పనిని ఒక పెద్ద గుత్తేదారునకు అప్పగించును. ఆ గుత్తేదారు సెంట్రింగు ఒకరికి, ఇనుప కడ్డీల పని ఒకరికి, తాపీ పని ఒకరికి, టైల్సు పని వేరొకరికి పంచి ఇచ్చును. వీరే ఉపగుత్తేదారులు; వాడుకలో వీరిని మేస్త్రీలందురు. మేస్త్రీ తన ఊరికి పోయి, పది పదిహేను మందికి కొంత అడ్వాన్సు ఇచ్చి, వారిని వెంటబెట్టుకొని వచ్చును. చాలనప్పుడు ప్రొద్దుటిపూట కూడళ్లలోని అడ్డాల నుండి మరికొందరిని పిలుచును. డబ్బు పైనుండి క్రిందికి దిగుచు ఒక్కొక్క మెట్టు వద్ద కొంత ఆగును. పని మాత్రము అంతయు అట్టడుగు మెట్టుననే జరుగును.

ఒక లెక్కను ఉదాహరణకు తీసికొనవచ్చును. పన్నెండుగురు కూలీలు రోజుకు 700 రూపాయల చొప్పున 20 దినములు పనిచేసిరనుకొనిన, వారికి రావలసినది 1,68,000 రూపాయలు. పెద్ద గుత్తేదారు ఆ సొమ్మును మేస్త్రీ చేతికిచ్చి ఓచరు మీద సంతకము తీసికొనెను. మేస్త్రీ ఆ రాత్రియే ఊరు విడిచెను, లేదా పాత అప్పులవారు ఆ సొమ్మును లాగికొనిరి. తెల్లవారి కూలీలు గుత్తేదారు వద్దకు పోయిరి. ఆయన ఓచరు చూపి, “నా లెక్క తీరినది, మీ మేస్త్రీని అడుగుడు” అనెను. బిల్డరు వద్దకు పోగా, “మీరెవరో నాకు తెలియదు, నా ఒప్పందము గుత్తేదారుతో” అనెను. స్థలము గలవాడు, “నేను బిల్డరుకు స్థలమిచ్చితిని గాని కూలీలను పిలువలేదు” అనెను. ఎవరి మాటకు వారి మాట సరిగానే కనబడును. నష్టము మాత్రము పన్నెండు కుటుంబముల నెత్తిన పడును. ఇట్టి చోట న్యాయము ఎట్లుండవలెనన్నదే ఈ ప్రసంగ విషయము.

దీనికి సమాధానమును ఒక్క మాటలో చెప్పవచ్చును. మేస్త్రీకి ఇచ్చుట కూలికి ఇచ్చుట కాదు. పని ఎవరి లాభమునకై జరిగెనో, ఎవరి అదుపున జరిగెనో, వారి బాధ్యత కూలి మనిషి చేతికి డబ్బు చేరిన నాడే తీరును. ఈ మాట ధర్మపన్నము మాత్రమే కాదు. చట్టమును క్రమక్రమముగా ఈ మాటనే అంగీకరించినది.

చట్టము ఇక్కడికి చేరుటకు చాలకాలము పట్టెను. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమునందే, గుత్తేదారు క్రింద పనిచేయువాడు గాయపడినను, మరణించినను పని చేయించుకొను అసలు యజమాని పరిహారమీయవలెననియు, ఆ సొమ్మును తరువాత గుత్తేదారు నుండి రాబట్టుకొనవచ్చుననియు ఏర్పాటు జరిగెను. 1936లో వేతనముల చెల్లింపు చట్టము వచ్చెను గాని, గుత్తేదారు ఎగవేసిన కూలిని అసలు యజమాని మీద మోపలేదు. ఆ బాధ్యతను దానికి 2005 నాటి సవరణతో గాని చేర్చలేదు. పని వద్ద కాలు విరిగిన ఇచ్చుటకు ఒక యజమాని యుండెను. పని చేసి ఆకలిగొన్న ఇచ్చుటకు యజమాని లేకపోయెను. ఈ లోపమును గుత్త పనుల విషయమున మొదట పూడ్చినది 1970 నాటి కంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టము.

ఆ చట్టము 1971 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చెను. దాని 21వ సెక్షను గ్రామస్థులందరు తెలిసికొనదగినది. కూలి చెల్లింపవలసిన మొదటి బాధ్యత గుత్తేదారునిది. గుత్తేదారు అను మాటలో ఉపగుత్తేదారును కలియునని చట్టమే చెప్పెను. కూలి పంచునప్పుడు అసలు యజమాని తరపున ఒక ప్రతినిధి ఎదుట నుండి, తన సమక్షమున కూలి ముట్టినదని వ్రాసి సంతకము చేయవలెను. గుత్తేదారు గడువులోగా కూలి ఇయ్యకపోయినను, తక్కువ ఇచ్చినను, ఆ లోటును అసలు యజమానియే పూర్తిగా చెల్లింపవలెను. అట్లు చెల్లించిన సొమ్మును గుత్తేదారునకు తానీయవలసిన బిల్లులో తగ్గించుకొనవచ్చును, లేక అప్పువలె రాబట్టుకొనవచ్చును.

ఇందులోని యుక్తి గమనింపదగినది. చట్టము యజమానిని దోషి యని నిందింపలేదు. డబ్బు రాబట్టుకొను శ్రమను మాత్రము బలహీనుని భుజము నుండి తీసి, బలవంతుని భుజమున పెట్టెను. పారిపోయిన మేస్త్రీని వెదకుటకు కూలివానికి తీరిక లేదు, బస్సు చార్జీ లేదు, వకీలు లేడు. గుత్తేదారు చేతిలో మేస్త్రీ బిల్లు ఉండును, యజమాని చేతిలో గుత్తేదారు బిల్లు ఉండును. పట్టు గలవాడే పట్టవలెనని ఆ సెక్షను భావము.

చట్టము కాగితమున నుండుట వేరు, పని చోట నుండుట వేరు. 1982లో ఢిల్లీ నగరమున ఆసియా క్రీడలకై క్రీడాంగణములు, పైవంతెనలు, వసతి గృహములు త్వరత్వరగా కట్టుచుండిరి. దేశపు నలుమూలల నుండి వేలకొలది కూలీలను జమేదారులు తోడ్కొని వచ్చిరి. గుత్తేదారులు తలకు రోజుకు 9 రూపాయల 25 పైసల చొప్పున జమేదారుల చేతికిచ్చుచుండిరి. జమేదారులు అందు ఒక రూపాయి తమ కమిషనుగా మినహాయించుకొని, 8 రూపాయల 25 పైసలు మాత్రమే కూలీలకిచ్చుచుండిరి. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ అను సంఘము ఈ సంగతిని విచారింపజేసి, సుప్రీంకోర్టు న్యాయమూర్తి పి. ఎన్. భగవతిగారికి ఉత్తరము వ్రాసెను. కోర్టు ఆ ఉత్తరమునే అర్జీగా స్వీకరించి, 1982 సెప్టెంబరు 18న తీర్పు చెప్పెను.

ఆ తీర్పులోని రెండు విషయములు చిరస్మరణీయములు. మొదటిది: పని గుత్తేదారులకు ఒప్పగించితిమి గనుక తమకు బాధ్యత లేదని కేంద్ర ప్రభుత్వము గాని, ఢిల్లీ పాలనాయంత్రాంగము గాని, ఢిల్లీ అభివృద్ధి సంస్థ గాని తప్పించుకొనజాలవు. రెండవది: కనీస వేతనము కంటె తక్కువ ఇచ్చి పని చేయించుకొనుట రాజ్యాంగము 23వ అధికరణమున నిషేధించిన నిర్బంధ శ్రమ క్రిందికే వచ్చును. ఆ అధికరణమున నిషేధింపబడిన ‘బేగారి’ తెలంగాణము చిరకాలమెరిగిన వెట్టియే. రోజుకు కోసికొన్నది ఒక రూపాయియే యైనను, కోర్టు దానిని చిన్న విషయముగా త్రోసివేయలేదు. మరుసటి యేడు, 1983లో, జమ్ము కాశ్మీరమునందలి సలాల్ జలవిద్యుత్ నిర్మాణ కూలీల వ్యాజ్యమునను, ఉపగుత్తేదారుల క్రింద పనిచేయువారికి కూడ 1970 నాటి చట్టము వర్తించునని సుప్రీంకోర్టు చెప్పెను. ఆ వ్యాజ్యమునకు మూలము ఒక వార్తాపత్రికలో పడిన వార్త. ఒకచో ఉత్తరము, ఒకచో వార్త! వ్రాసినవారుండబట్టి, చదివినవారుండబట్టి న్యాయము కదలెను. గ్రంథాలయమున కూర్చున్నవారు ఈ సంగతిని మరువరాదు.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. కరవు పీడించిన పాలమూరు జిల్లా నుండి తట్టాపారా పట్టుకొని పోయిన కూలీలు నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలుకొని దేశమునందలి అనేక జలాశయముల కట్టల మీద పనిచేసిరి. ‘పాలమూరు లేబరు’ అను మాట గుత్తేదారుల నోట ఒక సరకు పేరువలె స్థిరపడెను. వారిని తీసికొనిపోయినవాడు గుంపు మేస్త్రీ. అడ్వాన్సు అతని ద్వారా, బత్తెము అతని ద్వారా, లెక్క అతని నోట. పని ముగిసిన నాడు అతడు చెప్పినదే బాకీ, అతడు ఇచ్చినదే కూలి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చి, అట్టివారి కూలి విషయమునను గుత్తేదారు తప్పిన అసలు యజమాని చెల్లింపవలెనని శాసించెను. ప్రయాణపు ఖర్చులను, ఊరు విడిచినందులకు భత్యమును గూడ ఇప్పించెను. అయినను ఊరు విడిచి దూరమున నున్నవానికి చట్టమున్నదని చెప్పువారెవరు?

ఒకప్పుడు పాలమూరు నుండి ఇతర రాష్ట్రములకు పోయిన దుఃఖమే నేడు ఇతర రాష్ట్రముల నుండి హైదరాబాదు చుట్టుపట్లకు వచ్చుచున్నది. 2020 మార్చిలో మహమ్మారి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. ఆ ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కంది వద్ద, హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రాంగణ నిర్మాణ స్థలమున నున్న వలస కార్మికులు బకాయిపడిన కూలి ఇప్పింపుడనియు, తమ ఊళ్లకు పంపుడనియు ఆందోళనకు దిగిరి. పోలీసులతో ఘర్షణ జరిగెను. జిల్లా అధికారులు జోక్యము చేసికొనిరి. మే 1న లింగంపల్లి నుండి జార్ఖండునందలి హటియాకు సుమారు 1,200 మందితో దేశమున మొదటి శ్రామిక ప్రత్యేక రైలు కదలెను. దేశమంతట పేరుపొందిన విద్యాసంస్థ కట్టడము వద్ద, వేలకొలది మంది నడుమ, పెద్ద అధికారులకు అందుబాటున నున్న చోటనే పరిస్థితి ఇట్లున్నప్పుడు, నేరేడ్‌మెట్ సందులో నాలుగంతస్తుల ఇంటి వద్ద పనిచేయు పదిమంది గతి యేమి? వారి గోడు వినుటకు పత్రికావిలేఖరి రాడు, కలెక్టరు రాడు.

తెలుగు కూలీలు సముద్రము దాటి గల్ఫు దేశములకు పోవుట కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల వారికి తెలిసినదే. అచ్చటను గుత్త క్రింద గుత్త గొలుసువలె సాగును. 2016లో సౌదీ అరేబియాలో సౌదీ ఓజర్ అను పెద్ద నిర్మాణ సంస్థ జీతములు చెల్లింపలేకపోగా, వేలాది భారతీయులు కూలి లేక, తిండికి కూడ ఇబ్బంది పడి చిక్కుకొనిరి. మరుసటి యేడు ఆ సంస్థ మూతపడెను. దీనివలన ఒక సంగతి తెలియుచున్నది. కూలి ఎగవేత అన్ని వేళల మేస్త్రీ మోసము వలననే కలుగదు. పైనుండి బిల్లు రాక క్రిందివాడు కూలిన సందర్భములును కలవు. అందువలననే బాధ్యత క్రింది మెట్టుననే ఆగరాదు. పై మెట్టు దాక పోవలెను.

ఇతర దేశములును ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నవి. ఫ్రాన్సు దేశపు 1804 నాటి పౌరస్మృతి, గుత్త క్రింద కట్టడము కట్టిన తాపీవారు, వడ్రంగులు తమ కూలికై కట్టించుకొన్న యజమానినే అడుగవచ్చుననెను. అయితే ఆనాటికి యజమాని గుత్తేదారునకు బాకీయున్నంత మేరకే. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రము ఇంకను ముందునకు పోయెను. 2018 జనవరి 1 మొదలుగా చేసికొన్న ప్రైవేటు నిర్మాణపు ఒప్పందములలో, ఉపగుత్తేదారు ఎగవేసిన కూలికి పెద్ద గుత్తేదారే బాధ్యుడని శాసించెను. న్యూయార్కు రాష్ట్రము 2022 జనవరి నుండి అట్టి శాసనమునే చేసెను. సంపన్న దేశములలోను మేస్త్రీలు మాయమగుచునే యుందురు. అచ్చటి శాసనకర్తలును, పట్టు గలవాడే పట్టవలెనను నిర్ణయమునకే వచ్చిరి.

ఇక నేటి స్థితి. దేశమునందలి పాత కార్మిక చట్టములను నాలుగు స్మృతులుగా కూర్చి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిరి. 2019 నాటి వేతనముల స్మృతి 43వ సెక్షను, యజమాని కూలి చెల్లింపనిచో ఆ సంస్థ ఎవరిదో ఆ కంపెనీయో, ఆ వ్యక్తియో చెల్లింపవలెనని చెప్పుచున్నది. గుత్తేదారు, ఉపగుత్తేదారు కూడ యజమాని అను మాటలో చేరుదురు. దినకూలికి పని ముగిసిన పూటనే, వారకూలికి వారపు సెలవునకు ముందే, నెలజీతమునకు మరుసటి నెల 7 దినములలోగా చెల్లింపు జరుగవలెను. పనినుండి తొలగించినను, తానే మానుకొన్నను, రెండు పనిదినములలో లెక్క తీర్పవలెను. కూలి అందలేదని ఫిర్యాదు చేయుటకు గడువు మూడేండ్లు. బాకీతోపాటు దానికి పదిరెట్ల వరకు పరిహారమును అధికారి విధింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, కూలి చెల్లించితినని రుజువు చేయు భారము యజమానిదే. చెల్లింపలేదని రుజువు చేయు భారము కూలివానిది కాదు.

వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 55వ సెక్షను, 1970 నాటి 21వ సెక్షనులోని బాధ్యతను నిలుపుకొన్నది. కూలిని బ్యాంకు ద్వారా పంపి, ఆ సంగతి అసలు యజమానికి తెలుపవలెనని చేర్చినది. గుత్తేదారు చెల్లింపనిచో అతడు కట్టిన ధరావతు నుండి ఇప్పించుటకును ఏర్పాటు కలదు. ఒక్క లోటును మాత్రము దాచరాదు. పాత చట్టము 20 మంది గుత్త కూలీలున్న చోట వర్తించెను; ఈ స్మృతిలోని గుత్త కార్మికుల భాగము 50 మంది యున్న చోట గాని వర్తింపదు. చిన్న కట్టడములలోని కూలీలకు వేతనముల స్మృతియే దిక్కు.

సొంత ఇల్లు కట్టించుకొనువాని సంగతి వేరు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టము పది లక్షల రూపాయలకు మించని సొంత నివాసమును తన పరిధి నుండి తప్పించెను. వ్యాపారమునకు కట్టు బిల్డరుపై నున్నంత స్పష్టముగా, సొంతింటి యజమానిపై చట్టము నేటికిని లేదు. చట్టము వెనుదీసిన చోట మర్యాద ముందడుగు వేయవలెను. ఈ సభలో ఇల్లు కట్టించినవారును, కట్టింపనున్నవారును కలరు. ఇంటి ముందు కట్టిన గుమ్మడికాయ దిష్టిని తీయునేమో గాని, ఆ ఇంటి గోడలో మిగిలిన కూలి బాకీని తీయదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. “గుత్తేదారునకు ఒకసారి ఇచ్చితిమి, కూలీలకు మరల ఇచ్చిన ఒకే పనికి రెండుసార్లు చెల్లించినట్లు కాదా? ఇది యజమానికి అన్యాయము కాదా?” ఈ ప్రశ్న అడుగదగినదే. నిజాయితీగా బిల్లు చెల్లించినవాడు నష్టపోవుట ఎవరికిని ఇష్టము కాదు. అయితే గుత్తేదారును ఏరుకొన్నది యజమాని. మేస్త్రీని ఏరుకొన్నది గుత్తేదారు. తక్కువ రేటుకు ఒప్పుకొన్న మేస్త్రీకే పని ఇచ్చి, ఆ రేటులో కూలి గిట్టునా యని చూడనిది వారు. కూలివానికి ఈ ఏర్పాటులలో ఒక్కదానియందును మాట చెల్లలేదు. ఏరుకొన్నవాడు ఏరుకొనుటలోని నష్టమును భరించుట న్యాయమా, ఏమియు ఎరుగనివాడు భరించుట న్యాయమా? పైగా రెండుసార్లు చెల్లింపవలసిన అగత్యము జాగ్రత్తపడినవానికి రాదు. జాగ్రత్త మార్గములు కష్టమైనవియు కావు.

మొదటిది, పని ఒప్పగించునప్పుడే కాగితము మీద కూలి షరతు వ్రాయించుకొనవలెను. రెండవది, వారమునకొకసారి హాజరు పట్టీని చూడవలెను. ఎందరు పనిచేసిరో ఇంటివారే లెక్క వ్రాసికొనవచ్చును. మూడవది, కూలి పంచు దినమున ఎదుట నుండవలెను, లేదా కూలీల ఖాతాలలోనికే సొమ్ము పంపించవలెను. నాల్గవది, గుత్తేదారు చివరి బిల్లులో కొంత భాగమును నిలిపియుంచి, కూలీలందరు ముట్టినదని సంతకము గాని వేలిముద్ర గాని వేసిన పిదప విడుదల చేయవలెను. ఈ నాలుగు పనులు చేసినవానికి రెండుసార్లు చెల్లింపు పడు సందర్భము అరుదు.

కూలీలు చేయవలసినదియు కలదు. పనిలో చేరిన నాడే మేస్త్రీ పేరుతో తృప్తిపడక, పెద్ద గుత్తేదారు ఎవరు, కట్టించువారెవరు అని అడిగి తెలిసికొనవలెను. 500 చదరపు మీటర్లకు మించిన స్థలముననో, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లతోనో అమ్మకమునకు కట్టు భవనమును 2016 నాటి స్థిరాస్తి చట్టము క్రింద నమోదు చేయింపవలెను గనుక, కట్టించువారి పేరు ఆ నమోదులో దొరకును. చేసిన దినములు, తీసికొన్న అడ్వాన్సు, ముట్టిన బత్తెము ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనవలెను. రుజువు భారము యజమానిదే యైనను, తన వద్ద తేదీలతో లెక్కయున్నవాని మాటకు అధికారి వద్ద బలము హెచ్చు. బాకీపడినచో నెలలు గడపక కార్మికశాఖ అధికారికి వ్రాతమూలకముగా అర్జీ ఇయ్యవలెను. మొదటి ప్రతివాదిగా మేస్త్రీని, అతనితోపాటు గుత్తేదారును, కట్టించువారిని కూడ అందు పేర్కొనవలెను. వకీలును పెట్టుకొను స్తోమతు లేనిచో, 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు, బేగారికి గురియైనవారికి ఉచిత న్యాయసహాయమును కల్పించుచున్నది.

ఇందులో గ్రంథాలయమునకు తగిన పని లేకపోలేదు. మేస్త్రీకి బలము అతని కర్రలో లేదు. కూలీలలో లెక్క వ్రాయగలవాడు తానొక్కడే యగుటలో నున్నది. ఆ పుస్తకము రెండవవాని చేతికి వచ్చిన నాడు ఆ బలము సగము తగ్గును. వారమున ఒక సాయంకాలము, పనుల నుండి కూలీలు మరలు వేళ, ఈ గ్రంథాలయమున ఒక బల్ల వేసి ఇద్దరు చందాదారులు కూర్చుండిన చాలును. వచ్చినవారి హాజరును, రాబడిని వారి పుస్తకమున వ్రాసి ఇయ్యవచ్చును. అర్జీ వ్రాయనేరని వానికి అర్జీ వ్రాసి ఇయ్యవచ్చును. తెలుగు రాని ఒడియా, హిందీ కూలీలకు ఆ భాష తెలిసిన విశ్రాంత సైనికోద్యోగులు ఈ చుట్టుపట్ల కొల్లలుగా నున్నారు. దేశమంతట తిరిగి పలు భాషలు నేర్చినవారు వారు. ఖర్చు కాగితము, కలము మాత్రమే.

ఆంధ్ర జనసంఘము నాటి పెద్దలు ఊరూర పుస్తకముల పెట్టె మోసినది చదువుకొన్నవారి కాలక్షేపమునకు మాత్రమే కాదు. ఎవని కష్టమునకు ఎంత ఫలమో వాడే చదివి తెలిసికొనవలెనని మోసిరి. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పుస్తకములను ఇచ్చి, గడువునకు తిరిగి పుచ్చుకొని, ప్రతి పుస్తకమునకు చిట్టాలో లెక్క చూపుచు వచ్చినది. ఒక పుస్తకము తిరిగి రాకపోయిన ఎవరు తీసికొనిపోయిరో ఇచ్చట తెలియును. ఒక మనిషి నెల దినముల కష్టము తిరిగి రాకపోయిన, ఎవరి వద్ద నిలిచినదో అంత తేటగా తెలియవలెను. అది తెలిసిన నాడు, దానిని చెల్లింపవలసినవాడు చెల్లింపక తప్పదు.

ఈ రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయము ఆ బల్లను వచ్చు వారమే వేయుగాక యని కోరుచు ఈ ప్రసంగము ముగియుచున్నది.